పెరటి సాంబా రాజవీథి కెక్కుట

మనకు చలి వీడని మాఘమాసము బ్రెజిలు దేశమున నిదాఘమై నిప్పులు చెరుగుచుండ, రియో డి జనీరో మహానగరమున నొక యపరాహ్ణవేళ సాగరతరంగశీకరశీతలంబగు మందమారుతము మెల్లన వీవ, ఉత్సవసన్నద్ధంబులైన రాజవీథులు నానావర్ణపతాకాలంకృతములై వెలుగొందుచుండెను. ఊరెల్ల సంబరపడుచుండగా నగరపు కొండవాలున పేదలు నివసించు కొండపేటలో కొబ్బరిలౌజు లమ్ముకొను వృద్ధ పెర్పేతువాకు మాత్రము దిగులు పట్టుకొనియుండెను.

ఆఫ్రికానుండి సంకెలలతో గొనితేబడినవారి సంతతి తాతల తాళములనుండి యల్లుకొన్న సాంబా యను నాట్యగానమును పోలీసులు పోకిరితనముగా నెంచి వాద్యములను పగులగొట్టుచుండిరి. కావున నామె ముప్పదియేండ్లు ముందుగదిలో దొరలు మెచ్చు వాద్యములు మ్రోయించి యా చాటున పెరటిలో సాంబా నాడించెను. ఎంత గడుసుదో చూడుడు! అట్టి యామె నేడు కంజీరవంటి పందైరో చేతబూని పేటవారి నెల్లర వెంటబెట్టుకొని పట్టపగలే రాజవీథికి బయలుదేరెను. నేడు వెనుదిరిగినచో మనుమలు సైతము చాటుననే పాడుకొనవలసివచ్చునని యామె భయము.

వీథిమొగమున పోలీసు నాయకుడు వలెరియానో గుఱ్ఱము నడ్డము నిలిపి, "ముసలిదానా, మీ పాట మీ సందులలో పాడుకొనుడు. ఇది దేశమంతయు చూచు చోటు!" అని గద్దించెను.

"నాయనా, లౌజులకని వచ్చి మీ యమ్మ మా పెరటిలో నెంతసేపు నిలుచుండెడిదో యింటికి బోయి యడిగి రమ్ము" అని పెర్పేతువా బదులిచ్చెను. జనులు పకపక నవ్విరి. ఆ నవ్వు సద్దుమణుగకమున్నే యామె పందైరోపై చేయి వైచి పాట నెత్తుకొనెను. వెనుక నున్న స్త్రీల పావడాలు గిరగిర దిరిగెను.

అంతట మేడలపై నున్న సంపన్నుల నోట నా పాట పల్లవియే వినవచ్చెను! ఆ మేడలలో వంటలు వండి బిడ్డలను నిద్రపుచ్చినవారు కొండపేట స్త్రీలే గదా. పాట యేనాడో గోడలు దాటియుండెను.

వలెరియానో తెల్లబోయి మేడపై నున్న యొక రత్నాభరణభూషితను జూచి, "దొరసానీ, ఇది వారి పాట!" అనెను.

"కాదయ్యా, మన పాట" అని యామె బదులుపలికెను.

ఆ "మన" యను మాట చెవిసోకగనే పెర్పేతువా కన్నుల నీరు జలజల రాలెను. ఆనందముతోబాటు పౌరుషమును బొంగగా నామె తలయెత్తి, "మన పాటయే తల్లీ! కన్నది మాత్రము మా పెరడు!" అని వీథి మారుమ్రోగ బలికెను.

గుఱ్ఱము ప్రక్కకు దొలగెను. కొండపేట తాళమునకు మహానగర మడుగులు కలిపెను.