మొహం తిప్పుకున్న రేకు

"పువ్వుకి నాన్న పేరు పెట్టు," అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా.

ఆమె అప్పుడు కింద కూర్చుని మామగారి కాలిగోళ్ళు తీస్తోంది. అది ఆమె పనెందుకయిందో ఎవరూ ఆలోచించలేదు. అత్తగారు పోయాక ఆవిడ చీరలు బంధువులకి వెళ్ళాయి, పనులు కోడలికి వచ్చాయి. "ఎలాగూ ఎవరో ఒకరి పేరు పెట్టాలిగా. ఈ వయసులో ఆయనకో సంతోషం," అన్నాడు మళ్ళీ. మామగారు వద్దనలేదు. కాలు ఇంకాస్త ముందుకి చాపి, "నా పేరు పువ్వుకేం బావుంటుందిలేరా," అని మురిసిపోయారు.

ఆమె మొక్కల్ని ఎండబెట్టి, అట్టలకి అంటించి భద్రపరిచే సంస్థలో శాస్త్రవేత్త. సమావేశాలప్పుడు అందరికీ టీలు అందాయో లేదో చూసే శాస్త్రవేత్త కూడా. ఈ ఏడు తొలకరి ముగిసీ ముగియగానే, ఊరి చివర ఎప్పుడో మూతపడ్డ ఇటుక బట్టీ వెనకాల, బూడిద కలిసిన ఎర్రమట్టిలో ఆ మొక్క ఆమెకి కనిపించింది. జానెడు కూడా లేదు. మొలకెత్తి, పూసి, గింజ రాల్చి, ఒక్క వానాకాలంలోనే బతుకు ముగించుకునే రకం. గింజలు మట్టిలో ఏళ్ళ తరబడి పడి ఉంటాయి, వాన తమకి నచ్చినట్టు కురిస్తేనే లేస్తాయి. ప్రపంచంలో ఎవరూ ఇంతవరకూ దాన్ని నమోదు చేయలేదని తేలాక పెద్దసారు గదిలోకి పిలిచి, "అదృష్టవంతురాలివమ్మా. వ్యాసంలో నా పేరు ముందుంటుంది, పువ్వు పేరు మాత్రం నీ ఇష్టం," అన్నాడు, పెద్ద వరమిచ్చినట్టు.

ఆమె ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. బట్టీ వెనకాల ఆ పువ్వు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు ఆమెకి సంతోషం కలగలేదు. ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ఆ పువ్వు ఆమెకి ముందే తెలుసు. వంటగదిలో పక్కపక్కన నిలబడి పని చేసుకుంటున్నప్పుడు అత్తగారు ఎన్నిసార్లు చెప్పిందో. "నాలుగు రేకులు మనవైపే చూస్తుంటాయమ్మా, అయిదోది మొహం తిప్పుకుంటుంది." ఇంకెవరికీ కనపడని ఆ పువ్వు ఇంట్లో ఒక హాస్యం. ఆవిడ ఏం చెప్పినా, పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడన్నా, గుండెల్లో నొప్పన్నా, "ఆ, నీ పువ్వు లాంటిదేగా," అనేవారు మామగారు. కొడుకూ నేర్చుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె అత్తగారి మాట పట్టుకుని సంస్థలో అట్టలన్నీ తిరగేసి, "ఇంతవరకూ తెలిసినవాటిలో లేదత్తయ్యా," అని వచ్చి చెప్పింది. ఆ మాటలో ముందు సగం ఎవరికీ వినపడలేదు. "చదువుకున్న కోడలే లేదంది, ఇంకేం కావాలి?" అని భోజనాల దగ్గర అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం కోడలి కంచంలో ఇంకో గరిటెడు వడ్డించింది.

ఇప్పుడు సంస్థలో భూతద్దం కింద పువ్వుని విప్పుతుంటే ఆవిడ పక్కనే నిలబడి చెబుతున్నట్టుంది. "గొంతులో తెల్లటి నూగు ఉంటుంది, పసిపిల్ల చెవి మీద ఉంటుందే, అలాంటిది." ఉంది. "నలిపితే తడి ఇనుము వాసన." వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. అదే వాసన. "ఎండ ముదిరితే ముడుచుకుపోతుంది, మళ్ళీ విప్పదు." అదీ నిజమే. లోలోపలి కేశాలు, వక్రించిన దళం అని తను రాస్తున్న పొడి మాటలన్నిటికీ అసలు మాటలు ఆవిడవే. ఆవిడ గొంతు గదిలోంచి పోవడం లేదు. సాయంత్రం బస్సులోనూ పక్క సీట్లో కూర్చుని వచ్చింది. ఇంట్లో పొయ్యి వెలిగిస్తుంటే వెనక నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పువ్వు దగ్గర కాదు, అంతకు ముందు నుంచి.

"పుట్టగానే ఏడ్చిందమ్మా. నేను విన్నాను. ఆడపిల్లన్నారు. కళ్ళు మూతలు పడ్డాయి, తెరిచేసరికి పక్కలో లేదు. చచ్చి పుట్టిందన్నారు. మీ మామగారి చెప్పులకి ఎర్రమట్టి. నేను లేచి నడవగలిగిన రోజునే వెతుక్కుంటూ బట్టీ దాకా వెళ్ళాను. అక్కడే చూశాను పువ్వుని."

అది ఎప్పుడూ ఒకటే కథ. ఆవిడ దాన్ని రెండుగా ఎప్పుడూ చెప్పలేదు. విన్నవాళ్ళే కోసుకున్నారు. చచ్చిపోయిన పిల్ల మీద నవ్వడం ఎవరివల్లా కాదు కాబట్టి పువ్వు మీద నవ్వారు. పువ్వు అబద్ధమైతే ఏడుపూ అబద్ధమే. ఆ ఇంట్లో ఇన్నేళ్ళూ అంత తేలిగ్గా గడిచిపోయింది. ఆమె పొయ్యి ఆర్పేసింది.

మర్నాడు సెలవు. మధ్యాహ్నం టీలు తాగుతుంటే భర్త అడిగాడు, "పేరు పంపించేశావా?"

"లేదు. మామయ్యని ఒకటి అడగాలి." కప్పు పక్కన పెట్టి ఆయన ఎదురుగా కూర్చుంది. "ఇది అత్తయ్య చెప్పిన పువ్వే మామయ్యా."

"ఏ పువ్వు?"

"మీరంతా నవ్వేవారే, ఆ పువ్వు."

భర్త ఫక్కున నవ్వాడు. "అమ్మ పువ్వు నిజంగానే ఉందన్నమాట." తోడు నవ్వేవాళ్ళు లేక ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఉంది. రేకులు, నూగు, వాసన, చోటు, ఏదీ తేడా రాలేదు. ఆవిడ ఊహించుకుని చెప్పినవి కావవి." ఆమె గొంతు పెంచలేదు. "మరి బిడ్డ ఏడ్చిందని కూడా చెప్పింది కదా?"

"ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వుతావు?" అన్నాడు భర్త. "పెద్దాయన్ని పట్టుకుని ఆ ప్రశ్నలేంటి? అమ్మకి మతి స్థిమితం లేదని నీకు తెలీదా?"

ఆమె అతనివైపు చూడలేదు. మామగారు సాసర్ని కప్పు కింద అటూ ఇటూ జరుపుతున్నారు. కోపం తెచ్చుకుంటారేమో అనుకుంది, లేచి వెళ్ళిపోతారేమో అనుకుంది. ఆయన ఏదీ చేయలేదు. కోడల్ని ఊరడిస్తున్నట్టు, మెత్తగా అన్నారు.

"ఎక్కువసేపు ఏడవలేదులేమ్మా."

భర్త చేతిలో కప్పు నోటి దగ్గరే ఉండిపోయింది. తండ్రిని చూశాడు, తర్వాత భార్యని, ఆ మాట ఆమే అన్నట్టు. వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చేస్తున్నారు, అందుకోవడం లేదు.

ఆమె కుర్చీని ఆయనకి ఇంకాస్త దగ్గరగా లాక్కుంది. బల్ల మీద ఉన్న పెన్ను అందుకుని మూత తీసింది.

"మొదటినుంచీ చెప్పండి మామయ్యా," అంది. "నేను రాసుకుంటాను."