తెలిసినట్టు కల

మధ్యాహ్నం భోజనాలయ్యాక కుట్టుదుకాణం తలుపు ఓరగా వేసి, అత్తయ్యా ఇద్దరు కోడళ్ళూ గుడ్డపీలికల మూటలు తలకింద పెట్టుకుని ఓ గంట నడుం వాల్చేవాళ్ళు. అత్తయ్య గురక పెట్టేది. పెద్దకోడలు అటూ ఇటూ దొర్లేది. చిన్నకోడలు మాత్రం అరచెయ్యి చెంపకింద పెట్టుకుని హాయిగా నిద్రపోయి, ఆ నిద్రలోనే కాజాలు కుట్టేసేది. లేచి చూస్తే హ్యాంగర్లకున్న చొక్కాలన్నిటికీ కాజాలు పూర్తయి ఉండేవి. ఇందులో వింతేమీ ఎవరికీ కనపడలేదు. "మాకు నిద్రలో కుట్టినవే కావాలమ్మా, అవి సాగవు," అని అడిగి మరీ గుడ్డ ఇచ్చి వెళ్ళేవాళ్ళు కొందరు.

పెద్దకోడలికి కడుపు మండిపోయేది. పన్నెండేళ్ళుగా బల్ల దగ్గర నిలబడి కాళ్ళు వాచిపోయాయి తనకి. పేరు తెచ్చుకుంటున్నది మాత్రం వచ్చి మూడేళ్ళు కాని పిల్ల, అదీ పడుకుని! పైగా అత్తయ్యకి చూపు ఆనడం లేదు. తన ఇత్తడి పిడి కత్తెర ఈ నెలలోనే ఒక కోడలి చేతిలో పెడతానంది. ఆ కత్తెర ఎవరి చేతికొస్తే దుకాణంలో మాట వాళ్ళది.

"నీ పనిలో మెలకువేమిటో కాస్త చెప్పరాదుటే?" అని అడిగింది ఓరోజు, లేని నవ్వు తెచ్చుకుని.

"మెలకువే అక్కా. అంతే."

"అదేనే, ఆ మెలకువలేమిటని!"

"మెలకువగా ఉండటమే."

కిటుకు అడిగితే నిద్రా మెలకువా అంటూ మాట దాటేస్తోందనుకుంది పెద్దకోడలు. ఒళ్ళు మండి, తనే నేర్చుకుందామనుకుంది.

మర్నాడు కలలో తనని తాను గిల్లుకుంది. "ఇది కలే," అని పైకి కూడా అంది. ఎదురుగా చిన్నకోడలు కూర్చుని చకచకా కుట్టేస్తుంటే, ఆమెకంటే ముందు ముగించాలని చెమటలు కక్కుతూ నలభై చొక్కాలకి కాజాలు తీసింది. లేచి చూస్తే ఒక్కదానికీ సూది తగల్లేదు.

"కలని తెలిసిందే! గిల్లుకున్నాను కూడా," అంది ఉక్రోషంగా.

"కలలో నేనున్నానా?"

"లేకేం, పోటీకి కూర్చున్నావు."

చిన్నకోడలు పకపకా నవ్వింది. "నీ పక్కన పడుకున్నదాన్ని అక్కడికెలా వచ్చానక్కా? కలని తెలిసినట్టు నీకు కలొచ్చింది. నిజంగా తెలిస్తే నన్ను చూసి చెమటలెందుకు పడతాయి?"

ఆ నవ్వు పెద్దకోడలు మరిచిపోలేకపోయింది. తరవాత పది రోజులూ కలలో చిన్నకోడలు కుట్టినవన్నీ ముక్కలు ముక్కలుగా కత్తిరించి పారేసింది. లేచేసరికి అన్నీ చెక్కుచెదరకుండా ఉండేవి. కలేగా అనుకునేది.

అంతలో వయొలిన్ మాస్టారి ఊదారంగు కోటు వచ్చింది. శనివారం ఆయన కచేరీ. చేతిపనంతా అత్తయ్య చిన్నకోడలికే అప్పగించి, "కత్తెర ఎవరికో దీన్ని చూసే తేలుస్తాను," అంది.

గురువారం మధ్యాహ్నం కలలో ఆ కోటు బల్లమీద ఉంది. చిన్నకోడలు కాలరు కుడుతోంది. పెద్దకోడలికి మామూలుగానే మంటెత్తింది. కానీ ఈసారి కాస్త ఆగి, "నువ్వు నా పక్కన పడుకున్నావు కదూ," అంది. అంతే, కుర్చీ ఖాళీ అయిపోయింది. ఇక అన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. తలకింది మూటలో ఏదో గుండీ చెవికి ఒత్తుకుంటోంది. మెడమీద చిన్నకోడలి ఊపిరి తగులుతోంది. కోటు కొలతలకి వచ్చినప్పుడల్లా మాస్టారు అద్దం ముందు సిగ్గుపడేవారు. ఆ కాలరు కుట్టి కుట్టి చిన్నకోడలికి కళ్ళు ఎర్రబడ్డాయి. ఇప్పుడు కత్తెర వేస్తే నిజంగానే తెగుతుందని తెలుసు. ఎవరు ఏడుస్తారో కూడా తెలుసు. తెలిసే, కోటు ఎడమ చెయ్యిని భుజం దగ్గర కత్తిరించేసింది.

లేచేసరికి కోటు చెయ్యి నేలమీద ఉంది.

అత్తయ్య చిన్నకోడలి వంక చూసింది. నిద్రలో చెయ్యాడే మనిషి ఇంకెవరున్నారు! "పోనీలే, నిద్రలో చేసింది. తెలిసి చేసిందా ఏమన్నా," అంది చివరికి.

చిన్నకోడలికి ఏడుపొచ్చేసింది. "తెలియకుండా వేస్తే తెగదు అత్తయ్యా. తెలిసే చేసుంటాను. నా మనసులో ఇంత విషం ఉందని నాకే తెలీదు." సూది డబ్బాలో పెట్టి మూత వేసింది. "ఇక నేను మధ్యాహ్నాలు పడుకోను."

అత్తయ్య నిట్టూర్చి, ఇత్తడి పిడి కత్తెర తెచ్చి పెద్దకోడలి ముందు పెట్టింది.

నోరు మూసుకుంటే చాలు. కానీ ఆ పిల్ల ఏడుపు చూడలేకపోయింది పెద్దకోడలు. అంతకంటే భరించలేనిది ఇంకోటుంది, అదీ చెప్పుకోవాలి: జన్మకోసారి కలలో తను ఒక పని సాధిస్తే, అది కూడా చిన్నకోడలి లెక్కలోకే పోతోంది!

"ఆ పిల్ల కాదు అత్తయ్యా. నేనే."

"నిద్రలోనా? నీకెక్కడొచ్చు?"

"నిద్రలోనే," అంది పెద్దకోడలు. "మెలకువతోనే."

అత్తయ్య కత్తెర తీసి చిన్నకోడలి ఒళ్ళో పెట్టింది. "కోసినదానివి నువ్వే అతికించు," అంది పెద్దకోడలితో. "అక్కడే."

మర్నాడు మధ్యాహ్నం పెద్దకోడలు ఒక్కతే నిద్రపోయింది. కలలో ఎదురుగా ఎవరూ లేరు.

శనివారం మాస్టారు కోటు తొడుక్కుని, వయొలిన్ పట్టుకున్నట్టు ఎడమ చెయ్యి ఎత్తి చూసుకున్నారు. "ఈ చెయ్యి ఎవరు కుట్టారమ్మా? ఇంత బాగా కుట్టినది నేనెప్పుడూ తొడగలేదు," అన్నారు.

ఇత్తడి పిడి కత్తెరతో బల్ల దగ్గర నిలబడ్డ చిన్నకోడలు ఆ కుట్టు వంక చాలాసేపు చూసింది. ఆ చూపేమిటో పెద్దకోడలికి చెప్పక్కర్లేదు.

"అక్కా," అంది చిన్నకోడలు, లేని నవ్వు తెచ్చుకుని, "ఇందులో మెలకువేమిటో కాస్త చెప్పవూ?"