గుంటూరు నుంచి వచ్చే వాన

నేను ఒక సెల్‌ఫోన్‌ని. అరచేతిలో పట్టే ఫోన్లు మన ఊళ్లలోకి అప్పుడప్పుడే వస్తున్న కాలం నాటిదాన్ని. ఫోటోలు తీయడం నాకు రాదు, పాటలు పాడటం రాదు. బూడిదరంగు తెర మీద చీమల్లాంటి నల్లటి అక్షరాలు, నొక్కితే టిక్కుమనే బటన్లు, వార్త వస్తే పిచ్చుకపిల్ల కూసినట్టు ఒక చిన్న కూత. నా ఆస్తి ఇంతే. ఆ కూతతోనే ఒక ఇంట్లో కొన్నేళ్లపాటు ఆకాశం సంగతులు చెప్పాను. ఆ తర్వాత మరికొన్నేళ్లు నేను చెప్పనివి కూడా నా పేరు మీద చెలామణి అయ్యాయి.

నేను పుట్టింది ఎక్కడో దూరదేశంలో. చేతులకు తెల్లటి తొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి నా లోపలి తీగల్ని కలిపి, బటన్లన్నీ ఒకసారి నొక్కి చూసి, పక్కకు జరిపింది. బిడ్డను ఎత్తుకున్నంత సేపు కూడా ఎత్తుకోలేదు. ఏం చేస్తుంది, వెనక వరసలో నా తోబుట్టువులు బారులు తీరి ఉన్నారు.

నా మొదటి యజమాని గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే పున్నారావు. ఆయనకు నేను మాట్లాడుకునే వస్తువుని కాను, అడిగి తెలుసుకునే వస్తువుని. ఒక చిన్న నంబరుకి ఒక మాట రాసి పంపితే చాలు, జవాబు వచ్చేది. పొద్దున్నే రాశిఫలం, తర్వాత మిర్చి ధర, ఆపైన క్రికెట్ స్కోరు. ఒకసారి పెదనాన్న దినానికి వెళ్లి, భుజం మీది తువ్వాలు కళ్లకద్దుకుంటూ అందులో నన్ను దాచి స్కోరు చూశాడు. ఆట చేజారిపోతోంది. ఆయన కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి. "పున్నయ్యకి పెదనాయనంటే ప్రాణం రా" అని పక్కనున్నవాళ్లు మెచ్చుకున్నారు. మనుషులు దుఃఖాన్ని కూడా తూకం చూడకుండానే నమ్మేస్తారు.

రంగుల తెర ఫోన్లు రాగానే పున్నారావు నన్ను వదిలించుకున్నాడు. చేతులు మారి మారి నేను బాపట్లలో ఒక రిపేరు కొట్టు అద్దాల పెట్టెలోకి చేరాను. అక్కడికి ఒక సాయంత్రం సీతాపతిగారు వచ్చారు.

సన్నగా, పొడుగ్గా, నడిచేటప్పుడు ఎవరి దారికో అడ్డం వస్తున్నానేమో అన్నట్టు పక్కకు ఒదిగి నడిచే మనిషి. రైల్వే స్టేషన్‌లో బండ్ల రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగం చేసి, ఆ మధ్యే రిటైరయ్యారు.

"రేపటి వాతావరణం చెప్పే ఫోన్ ఉందిటగదా?" అని అడిగారు.

"అన్నీ చెప్తయి సార్. ఇది చూడండి, రాయి. గోడకేసి కొట్టినా పగలదు" అన్నాడు కొట్టువాడు నన్ను బల్ల మీద టకటకా కొడుతూ.

"కొట్టడానికి కాదు నాయనా, మా ఆవిడ వడియాలు పెట్టుకోడానికి" అన్నారు సీతాపతిగారు, వాడి చేతిలోంచి నన్ను మెల్లగా తీసుకుంటూ.

ఆవిడ పేరు దమయంతమ్మ. ఆ దంపతులకు పిల్లల్లేరు. ఆవిడకు వేసవి అంటే వడియాలు. బూడిద గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు, చల్ల మిరపకాయలు. తనకోసం గుప్పెడు ఉంచుకుని మిగతావి వీధిలోకి, స్టేషన్‌లోకి పంచేది. అయితే వడియాల పని ముందురోజు రాత్రే మొదలవుతుంది. పప్పు నానబెట్టాలి, గుమ్మడి ముక్కలకు ఉప్పు రాసి మూటగట్టాలి. తెల్లవారి మబ్బు పట్టిందంటే పిండి పులిసిపోతుంది, ఆవిడ మనసు కూడా. అందుకే రేపటి సంగతి ఈ సాయంత్రమే తెలియాలి.

నాలో ఆ ఏర్పాటు చేయించారు. రోజూ దీపాలు పెట్టే వేళకి నేను ఒక్క కూత కూసేదాన్ని. వంటింట్లోంచి ఆవిడ "ఏమండీ, కూసింది" అనేది. వార్త ఇంగ్లీషులో ఉండేది. సీతాపతిగారు కళ్లజోడు సవరించుకుని, నన్ను మైకులా నోటి దగ్గర పెట్టుకుని, స్టేషన్ గొంతుతో చదివేవారు.

"దయచేసి వినండి. గుంటూరులో రేపు ఆకాశం పాక్షికంగా మేఘావృతం."

గుంటూరు అనడానికి కారణం ఉంది. కంపెనీవాళ్ల పట్టికలో బాపట్ల లేదు. గుంటూరుతో సరిపెట్టుకోవాలి. సీతాపతిగారికి అదేమంత ఇబ్బంది కాలేదు. పైస్టేషన్‌లో బండి కదిలిందని తెలిస్తే మన స్టేషన్‌కి ఎప్పుడొస్తుందో లెక్కగట్టడమే కదా ఆయన చేసిన ఉద్యోగం. వానని కూడా అలాగే లెక్కగట్టేవారు.

"అక్కడ పొద్దున్నే బయల్దేరితే మనకి మధ్యాహ్నం దాటాక వస్తుంది. ఈలోగా నీ వడియాలకి ఒక ఎండ తగుల్తుంది."

"మీ బండ్లెప్పుడు టయానికొచ్చాయి గనక? ధైర్యంగా నానబోస్తా" అనేది ఆవిడ.

ఆ లెక్క చాలాసార్లు తప్పేది. సముద్రం దగ్గరున్న ఊరికి గుంటూరు మేఘాలతో ఏం పని? అయినా ఇద్దరూ దాన్ని మానుకోలేదు. మర్నాడు ఎలా ఉంటుందోనని ఇద్దరు మనుషులు కూర్చుని ముచ్చటించుకుంటుంటే, తప్పొప్పులకి పెద్ద విలువ ఉండదని నాకు ఆ ఇంట్లోనే తెలిసింది.

తర్వాత ఆవిడకు గుండె జబ్బు బయటపడింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మేడ మెట్లు ఎక్కనే కూడదన్నాడు డాక్టరు. వాళ్లుండేది కింది వాటాలో. వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ తప్ప ఆకాశం కనబడదు. ఇక ఆవిడకు ఆకాశమంటే నేనే. కింద కూర్చుని పిండి సిద్ధం చేసేది. పక్కవాటా నాగరత్నం, సీతాపతిగారు దాన్ని మేడ మీదికి మోసుకెళ్లి పెట్టేవారు. వాళ్లు పెట్టిన వడియాలు చూసి ఆవిడ, "ఇదేంది, కప్పలు గంతులేసినట్టున్నాయి" అని నవ్వేది. నవ్వితే ఆయాసం వచ్చేది. అయినా నవ్వేది.

ఒక సాయంత్రం నాకు వాతావరణం బదులు ఇంకో వార్త వచ్చింది. ఈ సేవను ఆపేస్తున్నాం, ఇన్నాళ్లూ ఆదరించినందుకు కృతజ్ఞతలు అని. నేను ఎప్పటిలాగే కూశాను. సీతాపతిగారు చదువుకున్నారు. మళ్లీ చదువుకున్నారు. వంటింటి గుమ్మంలో తడిచేతుల్ని కొంగుకు తుడుచుకుంటూ ఆవిడ నిలబడి ఉంది.

"ఏమంటోంది?"

ఆయన నన్ను నోటి దగ్గర పెట్టుకుని, గొంతు సవరించుకున్నారు. "దయచేసి వినండి. గుంటూరులో రేపు ఎండ."

ఉద్యోగం చేసినన్నాళ్లూ రాని బండిని వచ్చిందని ఒక్కసారైనా చెప్పని మనిషి ఆయన. ఆ రోజు నా వెలిసిపోయిన తెర మీద లేని మాటను చదివారు.

ఆ తర్వాత రోజూ అదే తంతు. సాయంత్రం కాగానే మేడెక్కి నలుదిక్కులా చూసేవారు. సముద్రపు గాలి ముఖానికి తగులుతుందా లేదా అని నిలబడేవారు. కిందికొచ్చి నన్ను చేతిలోకి తీసుకుని, టైము, బ్యాటరీ గీతలు తప్ప ఇంకేమీ లేని నా తెరలోకి చూస్తూ చదివేవారు. నిజం చెప్పాలంటే ఆయన చెప్పినవే కంపెనీవాళ్ల కబుర్లకంటే ఎక్కువగా నిజమయ్యేవి.

కాని మెల్లగా ఇంకొకటి గమనించాను. ఆవిడకు పగలంతా ఆయాసంగా ఉన్న రోజున, కాళ్లు నీరుపట్టిన రోజున, ఆకాశం అద్దంలా ఉన్నా సరే ఆయన "రేపు భారీ వర్షాలు" అని చదివేవారు. వాన అంటే పప్పు నానబెట్టే పని లేదు. పప్పు నానకపోతే చీకటితో లేచే పని లేదు. "అయ్యో, ఏం ఫోనండీ, ఎప్పుడు చూసినా వాన" అని గొణుక్కుని ఆవిడ పడుకునేది.

మర్నాడు ఎండ నిప్పులు చెరిగేది. నాగరత్నం మిరపకాయలు ఎండబోసి వచ్చి గుమ్మంలోంచి కేకేసేది. "వదినా, పైన కాలు పెడితే బొబ్బలెక్కుతున్నాయి. ఇయ్యాల పెట్టలేదేంది?"

"వానొస్తుందని ఫోన్లో చెప్పార్లే వదినా."

"వానా! ఆ ఫోను నెత్తిన బండబడ. అవతల పారెయ్యండి అన్నయ్యగారూ."

సీతాపతిగారు పేపరు మరింత పైకెత్తి పట్టుకునేవారు. దమయంతమ్మ మాత్రం చల్లగా, "గుంటూరు వాన గదా, దారిలో ఎక్కడో ఆగుంటుంది" అనేది. ఆవిడ మంచం మీంచి చూస్తే కిటికీ అవతల పక్కింటి గోడ కనబడేది. దాని మీద ఎండ పచ్చగా మెరుస్తూ ఉండేది. నేను అలమరలోంచి రెంటినీ చూసేదాన్ని, గోడ మీది ఎండనీ, దాన్ని చూసి కళ్లు మూసుకునే ఆవిడనీ. వీధి మొత్తంలో అబద్ధాలకోరునని నాకు పేరు వచ్చింది. పోనీలే అనుకున్నాను.

ఇలా ఉండగా ఒక వేసవి చివర, రోహిణి కార్తె ఎండల్లో, ఆవిడ బాగా నీరసించిపోయింది. ఆ ఏడు ఒక్క వాయి కూడా పెట్టలేదు. రోజూ వానే చదివారు సీతాపతిగారు. ఒక సాయంత్రం ఆయన మేడ దిగి వచ్చేసరికి ఆవిడ నన్ను చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"ఇవాళ నేను చదువుతా."

ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. ఆవిడ నన్ను నోటి దగ్గర పెట్టుకుని, మధ్య మధ్య ఊపిరి తీసుకుంటూ, అచ్చం ఆయన గొంతుతోనే అంది. "దయచేసి వినండి. రేపు బాపట్లలో ఎండ. దమయంతి అనే ప్రయాణికురాలు... మేడ మీదికి... బయల్దేరడానికి సిద్ధంగా ఉంది."

ఆయన వచ్చి మంచం అంచున కూర్చున్నారు. "ఎప్పట్నించి తెలుసు?"

"అది కూసి ఎన్నాళ్లయిందండీ! ఇంగ్లీషు చదవలేను గాని చెవులు బాగానే ఉన్నాయిగా."

"మరి ఒక్కనాడైనా అనలేదే?"

"పడుకుంటానని అడగడం నాకు చేతగాదు. మీరు వాన అంటే పడుకునేదాన్ని. హాయిగా ఉండేది." ఊపిరి తీసుకుంది. "రేపు మాత్రం ఎండ కావాలి. ఒక్క వాయి నా చేత్తో పెడతా. ఆ తర్వాత మీరెన్ని వానలైనా కురిపించుకోండి."

"డాక్టరు మెట్లెక్కద్దన్నాడు దమయంతీ."

"ఎక్కుతానన్నానా? ఎక్కించండి."

ఆ రాత్రి ఆయన పప్పు నానబెట్టారు. గుమ్మడి ముక్కలు మూటగట్టారు. పొద్దున్నే స్టేషన్‌కెళ్లి, పాత స్నేహితుడు, పోర్టరు ఏసుదాసుని, ఇంకో పోర్టరుని వెంటబెట్టుకొచ్చారు. చేతుల కుర్చీలో ఆవిణ్ని కూర్చోబెట్టి చెరో పక్కా పట్టి లేపారు.

"అమ్మగారూ, మీకు లగేజీ టిక్కెట్టు తీశారా?" అన్నాడు ఏసుదాసు మెట్టు మెట్టుకీ ఆగుతూ.

"మీ సారు ఉన్నంతకాలం నాకు పాసేగా" అంది ఆవిడ, ఒళ్లో నన్ను గట్టిగా పట్టుకుని.

మేడ మీదికి చేరాక ఆవిడ ముఖం పైకెత్తి, దాహంతో ఉన్న మనిషి నీళ్లు తాగినట్టు ఆకాశాన్ని చూసింది. పాత చీర పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టారు. ఆవిడ కుర్చీలోంచి వంగలేదని నాగరత్నం బల్ల తెచ్చి వేసి, దానిమీద చీర చెంగు సర్దింది. ఆవిడ వేళ్లు వణికాయి గాని వడియం వణకలేదు. అన్నీ గుండ్రంగా, ఒకే తీరుగా, బుద్ధిమంతుల్లా కూర్చున్నాయి.

ఉత్తరం వైపు నుంచి ఒక మబ్బు తెర నీడ పరుచుకుంటూ వచ్చింది. సీతాపతిగారు కంగారుగా చూశారు.

"అది మన ఊళ్లో ఆగే బండి కాదులెండి" అంది ఆవిడ తలెత్తకుండానే. నిజంగానే ఆగలేదు.

శ్రావణంలో ఒక రోజు, బయట నిజంగానే వాన పడుతుండగా, ఆవిడ వెళ్లిపోయింది. నన్ను అలమరలో పెట్టి తలుపు వేశారు. తర్వాత ఎప్పుడో నా బ్యాటరీ ఉబ్బిపోయింది. పాతసామాను కొనేవాళ్లు వీధిలో కేకేసినప్పుడు ఆయన నన్ను తీసి చూసి, మళ్లీ లోపల పెట్టారు. ఆవిడ పెట్టిన ఆ వాయి వడియాల్ని డబ్బాలో దాచుకుని, అన్నంలోకి ఎప్పుడో ఒకటి వేయించుకునేవారు. అడుగున పొడి మిగిలినప్పుడు దాన్ని వేయించలేదు, పారెయ్యనూ లేదు.

ఈ వేసవిలో అలమర తలుపు తెరుచుకుంది. సీతాపతిగారి చేతులకు మినప్పిండి అంటుకుని ఉంది. ఉబ్బిన బ్యాటరీని తీసి పక్కన పెట్టి, నన్ను మేడ మీదికి తెచ్చారు. ఆవిడ పాత చీరే పరిచి ఉంది. మూడు మూలలా రాళ్లున్నాయి. నాలుగో మూల నన్ను పెట్టారు.

ఆయన వడియాలు ఇప్పటికీ కప్పలు గంతులేసినట్టే ఉన్నాయి. మేడ మీదికొచ్చిన నాగరత్నం చూసి నవ్వబోయి ఆగింది. "అన్నయ్యగారూ, ఇయ్యాల వానేమన్నా వస్తదంటారా?"

ఆయన గుంటూరు వైపు ఒకసారి చూశారు. "రాదమ్మా. లైను ఖాళీగానే ఉంది."

ఇప్పుడు ఆయన కిందికి వెళ్లారు. చీర కొంగు గాలికి ఎగిరిపోకుండా పట్టుకుని నేనిక్కడ ఉన్నాను. ఇన్నేళ్లూ గదిలో కూర్చుని చెప్పిన ఆకాశం కింద మళ్లీ ఒకసారి పడుకున్నాను. నా పేరు మీద కురవని వానలు ఎన్నో కురిశాయి. ఈ ఎండ మాత్రం నిజం, ఎవరో కల్పించింది కాదు. వెచ్చగా నా తెర మీద పడుతోంది. ఒక్క కూత కూయగలిగితే బాగుండును, వంటింట్లోకి వినబడేలా.