కృపామణి పడ్డ మాట

ఐరాల పక్కన ఏబెల్ వేయించిన బోరులో ఆరువందల అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి. బురదనీళ్లు పైకి ఎగజిమ్మగానే అతని భార్య కృపామణి నోట "ఇన్‌ఫజరత్" అన్న మాట వచ్చేసింది. పదకొండేళ్లు కువైట్‌లో ఒక ముసలమ్మను చూసుకుని నిరుడే తిరిగొచ్చిందామె.

"అదేం మాటమే?" అన్నాడు ఏబెల్.

నీళ్లు చీల్చుకొచ్చాయని అర్థం చెప్పి, తనలో తాను నవ్వుకుంది. ఏబెల్ వదల్లేదు. రిగ్గు లారీ వెళ్లిపోయాక గట్టు మీద కూర్చుని చెప్పుకొచ్చింది.

కువైట్‌లో మొదటి ఏడాది. తెల్లవారుజామున ముసలమ్మను నమాజుకు లేపడం ఆమె పని. ఆ నమాజు పేరు ఫజర్. ముసలమ్మ నమాజులో ఉండగా వంటింట్లోంచి ఏబెల్‌కు ఫోన్ చేసేది. ఒకరోజు అతనేదో అంటే పగలబడి నవ్వింది. ముసలమ్మ కూతురు అది విని, పరాయి మగవాడితో సరసాలనుకుని, "ఫాజిరా" అని తిట్టింది. ఫజర్‌కు లేచే మనిషి అని మెచ్చుకుంటోందనుకున్న కృపామణి, అవును, రోజూ నేనేనంటూ గర్వంగా తలూపింది.

సంగతి తెలిసి ముసలమ్మ కూతురిని మందలించింది. మొగుడితో మాట్లాడితే తప్పేముందని అడిగింది. తర్వాత కృపామణిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ మాట విప్పి చెప్పింది. చీల్చుకు రావడమే దాని మూలం. చీకటిని చీల్చుకొచ్చే వెలుగు ఫజర్. రాతిని చీల్చుకుని ఊట వస్తే ఇన్‌ఫజరత్. కట్టుబాటును తెంచుకుపోయిన ఆడది ఫాజిరా. తిట్టయినా అదీ ఆ మాటల ఇంటి బిడ్డేనంది ముసలమ్మ. కూతురు రెండు రోజులు ముఖం చాటేసి, మూడోరోజు తనే టీ కలిపి తెచ్చి ఇచ్చింది.

ఏబెల్ ఆమె వైపు తిరిగాడు.

"నా వల్ల గదా నువ్వు మాట పడింది. ఇన్నేండ్లు చెప్పకపోతివే."

"చెప్తే నువ్వు ఫోన్లో నన్ను నవ్వించేది మానుకుంటావని."

అతను బురద చేతులు కడుక్కుని, ముసలమ్మకు ఫోన్ చేయమన్నాడు. తెర మీద ఆమె ముఖం కనబడగానే చేతులు జోడించి, ఆరోజు నవ్వించినోణ్ణి నేనేనని చెప్పమన్నాడు. కృపామణి అరబ్బీలో చెప్పింది. ముసలమ్మ కళ్లద్దాలు సర్దుకుని అతన్ని తేరిపార చూసింది. ఇంత నల్లగా ఎండిపోయావేం, నీడన కూర్చోమంది.