ఏ ఇబ్బందీ లేదయ్యా

దుప్పటి మార్చడానికి మేస్త్రిని పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పినప్పుడు ఆయన నోట్లోంచి చిన్న మూలుగు కూడా రాలేదు. మంచం ఇనుప చట్రాన్ని పట్టుకున్న పట్టుకు మాత్రం వేళ్ల కణుపులు తెల్లబారాయి. చిన్న సిస్టర్ ఒక చేత్తో ఆయన నడుం ఆపి, రెండో చేత్తో తడిసిన దుప్పటి లాగింది. పొద్దుట్నుంచి ఇది మూడోసారి. నలభై మంచాలకు ఆమె ఒక్కతే నర్సు. రెండో నర్సు కావాలని కాగితం పంపి రెండేళ్లయింది. కాగితానికేం తొందర, దానికి నడుం నొప్పా ఏమన్నానా.

"నొప్పిగా ఉందా మేస్త్రీ?"

ఆ మాట చెవిన పడగానే ముసలాయన ఉలిక్కిపడ్డాడు. లేవబోయి, లేవలేక, పడుకునే చేతులు కట్టుకున్నాడు.

"ఏ ఇబ్బందీ లేదయ్యా. అంతా బాగుంది."

అడిగింది ఆడమనిషని కూడా చూసుకోడు. ఎప్పుడడిగినా అదే మాట, అదే గొంతు.

మంచం కాళ్ల దగ్గర ఒక కాగితం వేలాడుతూ ఉంటుంది. సున్నా అంటే నొప్పి లేదని, పది అంటే ఓర్చుకోలేనంతని. రోగి తన నోటితో చెప్పింది మాత్రమే అందులో రాయాలని రూలు. పందొమ్మిది రోజులుగా అన్నీ సున్నాలే. అన్నీ చిన్న సిస్టర్ చేత్తో రాసినవే.

పిచ్చాసుపత్రిలో ఇది చువ్వల వార్డు. నేరం చేసి మతి తప్పినవాళ్లనీ, మతి తప్పి నేరం చేసినవాళ్లనీ ఇక్కడ పెడతారు. మేస్త్రి నేరం చేసింది మతి ఉన్నప్పుడే. తమ్ముడు అయిదో అంతస్తు నుంచి పడి చచ్చిన రోజున, శవాన్ని పక్కకు లాగి పని కానివ్వమన్న కాంట్రాక్టరును తాపీతో కొట్టాడు. ఒకటే దెబ్బ. పద్నాలుగేళ్లు జైల్లో ఉన్నాక మతిమరుపు జబ్బు పట్టుకుంది. మొదట కాంట్రాక్టరును మరిచిపోయాడు, తర్వాత తమ్ముడు చచ్చిన సంగతి మరిచిపోయాడు, చివరికి తన పేరు. శిక్ష వేసినవాళ్లకు మాత్రం అన్నీ గుర్తున్నాయి.

ఇప్పుడు ఎముకల్లోకి క్యాన్సర్ పాకింది. ఆ సంగతి ఫైల్లో ఉంది. ఇక తగ్గేది కాదనీ ఉంది. నొప్పికి మంచి బిళ్లలు ఉన్నాయి, పెద్ద సిస్టర్ బీరువాలో. ఖైదీకి అవి ఇవ్వాలంటే కాగితంలో ఆరుకు మించిన అంకె ఉండాలి, డాక్టరు ఒప్పుకోవాలి. డాక్టరు ఈ వార్డుకు వచ్చేది వారానికి ఒక్కసారి. ఇవాళ పదకొండింటికి వస్తాడు. ఇవాళ తప్పితే మళ్లీ ఏడు రోజులు.

ఒంట్లో బాగున్నన్నాళ్లూ మేస్త్రి రోజంతా గోడకు సున్నం మెత్తేవాడు. సున్నమూ లేదు, తాపీ లేదు. ఉత్త చెయ్యి గోడ మీద పైకీ కిందకీ పోయేది. నాలుగు రోజులుగా ఆ చెయ్యి సగంలో ఆగిపోతోంది. ఆగిన చోటే నిలిచి వణుకుతుంది.

అప్పుడే ఆయా బకెట్ పట్టుకుని లోపలికొచ్చింది. రోజూ వేసుకునే నీలం బట్టలు కాక, ఒంటి మీద సొంత పువ్వుల బట్టలు ఉన్నాయి. పొద్దున్నే మూల మంచం కుర్రాడు బకెట్ నీళ్లు ఆమె నెత్తిన కుమ్మరించాడు.

"ఏంటి ఆయా, పెళ్లికి బయలుదేరావా?" అన్నాడు తలుపు దగ్గరి కానిస్టేబుల్.

"నీ రెండో పెళ్లికేలే. పిల్ల పారిపోయిందని వాయిదా వేశారట."

కానిస్టేబుల్ నవ్వాడు. మేస్త్రి మాత్రం తల తిప్పి ఆ పువ్వుల బట్టల వంక చాలాసేపు చూశాడు.

"అక్కా," అన్నాడు.

ఆయా ఆగిపోయింది. ఆమెకంటే ఆయన పదేళ్లు పెద్ద.

"ఇంతసేపు ఎక్కడికెళ్లావే? నడుంలో మేకు దిగ్గొడుతున్నారే. దిగిందాన్నే మళ్లీ మళ్లీ కొడుతున్నారు. ఈ కాలు కోసి అవతల పారెయ్యమని చెప్పవే అక్కా."

పందొమ్మిది రోజుల్లో ఆయన నోట్లోంచి అంత పొడుగు మాట రావడం అదే మొదలు. చిన్న సిస్టర్ గబగబా దగ్గరకొచ్చింది.

"ఎక్కడ నొప్పి? ఎంత?"

ఆమె తెల్లకోటు కంటపడగానే ముసలాయన మొహం తలుపు మూసినట్టు మూసుకుంది.

"ఏ ఇబ్బందీ లేదయ్యా. అంతా బాగుంది."

"ఆయన చెబుతున్నది నీకు కాదమ్మా, నీ కోటుకు," అంది ఆయా మెల్లగా. "మా ఆయన రెండేళ్లు జైల్లో ఉండి వచ్చాడు. అక్కడ వారం వారం పెద్దాఫీసరు వస్తాడు. వరసగా నిలబెట్టి, ఎవరికన్నా ఏమన్నా ఇబ్బందా అని అడుగుతాడు. ఉందన్నవాడికి ఆఫీసరు వెళ్లాక నిజంగానే ఇబ్బంది. ఇంటికొచ్చి ఏడాదయ్యాక కూడా, కరెంటు బిల్లు తెచ్చినవాడు మంచినీళ్లు అడిగితే లేచి చేతులు కట్టుకునేవాడు."

చిన్న సిస్టర్ కాగితం వంక చూసింది. మనిషికి పేరు పోయింది, ఇల్లు పోయింది. ఆ భయం ఒక్కటే మిగిలింది. ఆ భయం చెప్పిన అంకెనే తాను రోజుకొకటి చొప్పున రాసుకుంటూ వచ్చింది.

కోటు విప్పి మేకుకు తగిలించింది. మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"సున్నా నుంచి పది దాకా అయితే ఎంత, పెద్దాయనా?"

మేస్త్రి తెల్లమొహం వేశాడు. ఆయాయే అందుకుంది.

"నెత్తిన ఇటుకలైతే ఎన్నిరా తమ్ముడూ?"

"పది," అన్నాడు వెంటనే. "పదకొండోది పెట్టకే అక్కా, మెడ విరిగిపోతుంది."

చిన్న సిస్టర్ పది రాసింది.

పదకొండుకు పది నిమిషాల ముందు పెద్ద సిస్టర్ వచ్చి ఆ పదిని చూసింది. మేకుకున్న కోటునూ చూసింది.

"డ్యూటీలో కోటు విప్పావా?"

"కోటు చూస్తే నిజం చెప్పడం లేదు మేడమ్."

"కోటు విప్పితే నువ్వు డ్యూటీలో లేనట్టే. డ్యూటీలో లేనిదానివి అడిగిన మాట కాగితంలోకి ఎట్లా ఎక్కుతుంది?" ఎర్ర పెన్నుతో పదిని అడ్డంగా కొట్టేసింది. "వచ్చే నెల నీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టేది నేనే తల్లీ. బెదిరించడం లేదు, గుర్తుచేస్తున్నా."

పెద్ద సిస్టర్ రాక్షసేమీ కాదు. ఆరేళ్ల కిందట ఒక ఖైదీ నాలుక కింద దాచుకున్న బిళ్లలన్నీ పోగేసి ఒక్కసారే మింగి చనిపోయాడు. తొమ్మిది నెలలు ఆమెను ఇంట్లో కూర్చోబెట్టారు. అప్పట్నుంచి బీరువా తాళం మెళ్లో వేసుకునే తిరుగుతుంది, నిద్రలో కూడా తడుముకుంటుందట. భయం చువ్వలకు అవతలే ఉంటుందని ఎవరన్నారు?

చిన్న సిస్టర్ మళ్లీ కోటు తొడుక్కుంది.

డాక్టరు వచ్చాడు. వెనకే కానిస్టేబుల్. డాక్టరు ఖైదీ దగ్గరకు వెళ్లినప్పుడు కాపలా మనిషి పక్కన ఉండాలన్నది ఇంకో రూలు. బూట్ల చప్పుడు వినగానే మేస్త్రి కదిలాడు. కాళ్లు కిందకు దించాడు. చిన్న సిస్టర్ వద్దంటున్నా, మంచం పట్టుకుని, గోడ పట్టుకుని, మొత్తానికి నిటారుగా లేచి నిలబడ్డాడు. నుదుటి మీద చెమట ధారగా కారుతోంది.

"ఏం పెద్దాయనా, నొప్పి ఏమన్నా ఉందా?"

"ఏ ఇబ్బందీ లేదయ్యా. అంతా బాగుంది."

"లేచి నిలబడ్డాడు కూడా," అన్నాడు డాక్టరు మెచ్చుకుంటున్నట్టు.

"అయ్యా, ఇందాక నాతో..." అంది ఆయా.

"నువ్వెవరు?"

"ఊడ్చేదాన్నండీ."

"ఊడ్చుకో మరి." చిన్న సిస్టర్ వైపు తిరిగాడు. "సున్నా వేసి సంతకం పెట్టండి. పై వారం చూద్దాం."

పెద్ద సిస్టర్ పెన్ను అందించింది. చిన్న సిస్టర్ తీసుకుంది. కొట్టేసిన పది పక్కన గడి ఖాళీగా ఉంది. దాని పైన ఒకదాని కింద ఒకటి పందొమ్మిది సున్నాలు, నోళ్లు తెరుచుకుని. ఇంటి దగ్గర మంచంలో ఉన్న అత్తగారు గుర్తొచ్చింది, పిల్లల బడి గుర్తొచ్చింది, వచ్చే నెల సంతకం గుర్తొచ్చింది. పెన్నుకు మూత పెట్టి కాగితం మీద ఉంచింది.

"నేను రాయను సార్."

"ఏంటి?"

"సున్నా రాయను. ఇప్పటిదాకా రాసినవీ తప్పే." తలుపు వైపు చెయ్యి చూపింది. "కానిస్టేబుల్‌ని బయట నిలబెట్టండి. మీరు కోటు విప్పి ఒక్కసారి అడగండి సార్. అప్పుడు ఆయన ఏ అంకె చెబితే అది రాస్తాను."

కానిస్టేబుల్ నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి మానేశాడు. పెద్ద సిస్టర్ చెయ్యి మెళ్లో తాళం మీదకు పోయింది. ఆయా చీపురు గోడకు ఆనించింది. డాక్టరు మొహం ఎర్రబడింది. చెయ్యి కోటు పైబొత్తాం దాకా వెళ్లి అక్కడే ఉండిపోయింది. విప్పడానికో, సర్దుకోవడానికో ఆయనకే తెలిసినట్టు లేదు.

మేస్త్రి కాళ్లు గడగడ వణుకుతున్నాయి. కూర్చోమని ఎవరూ చెప్పలేదు గనక, చేతులు కట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు.