శుభ్రం చేసిన గడప

వెంకటేశు పని చేసేది ప్రొద్దుటూరులో, రాఘవేంద్రప్రసాద్ బట్టల అంగడిలో. వాళ్ల నాయన దాకా గొర్రెలు కాసినవాళ్లే. ఊరు రిజర్వాయరు నీళ్ల కింద మునిగింది. మేతబీడూ మునిగింది. గొర్రెల్ని అమ్మేశారు. ఇప్పుడు తల్లి తిరుపాలమ్మతో జమ్మలమడుగు దగ్గర పునరావాస కాలనీలో ఉంటున్నాడు. పునరావాసం! ఆ మాట పెట్టినవాడెవడో ఆ ఇళ్లల్లో ఒక్క ఎండాకాలం ఉండి చూడాలి.

ఊరు ఖాళీ చేయించిన రోజు జేసీబీ ఇల్లు కూలగొడుతుంటే తిరుపాలమ్మ అడ్డం పోలేదు, ఏడవలేదు. గడప పెకలించి ఇమ్మని మాత్రం అడిగింది. డ్రైవరు నవ్వి ఒక్క పోటు పొడిచాడు. వేప గడప విరిగి మూరెడు ముక్క ఆమె చేతికొచ్చింది. కాలనీ ఇంటికి గడపే లేదు. వీధిలో దుమ్ము ఎవర్నీ అడక్కుండా లోపలికి వచ్చేస్తుంది. ఆమె ఆ ముక్కను తలుపు పక్కన గోడకు ఆనించి, శుక్రవారం వస్తే దానికే పసుపు పూసేది. చెదలు పట్టిన సంగతి తెలిసేసరికి లోపల సగం గుల్ల.

ప్రసాద్‌కు అంగడి మిద్దె మీద ఒక లేత్ మిషన్ ఉంది. వ్యాపారానికి కాదు, సరదాకి. చెదలు తిన్న కట్టెను అచ్చులో పెట్టి, రెసిన్ అనే జిగురులో హార్డనర్ కలిపి పోస్తాడు. అది గాజులాగా గట్టిపడి బొక్కలన్నీ పూడుస్తుంది. ఆ దిమ్మెను మిషన్‌కు బిగించి, తిరుగుతుంటే ఉలితో చెక్కి కలాలు, గిన్నెలు తీస్తాడు. వీడియోలు పెడతాడు. ఒకరోజు వెంకటేశు నోరు జారి ఆయన ముందు గడప సంగతి చెప్పాడు.

"కుంకుమ భరిణె చేసిస్తాలేరా మీయమ్మకు," అన్నాడు ప్రసాద్, కళ్లు మెరిపిస్తూ. "ముంపు ఊరి గడప! వీడియోకు ఇంతకంటే ఏం గావల్ల? నీలం రంగు కలుపుదాం. కట్టె నీళ్లల్లో ఉన్నట్టే కనపడ్తాది."

నోరు జారినందుకు వెంకటేశు తనను తానే తిట్టుకున్నాడు. కానీ చెదలు ఆగేవి కావు. మందు కొట్టినా ఆగలేదు. పైగా అన్నం పెట్టే అంగడి. "సరే అన్నా," అన్నాడు.

"ఒకటే మాట. కట్టె సుబ్బరంగా ఉండల్ల. బాగా సుబ్బరం చేసి ఇయ్యమని చెప్పు మీయమ్మకు."

ఆ మాట ఇంటికి పోయింది. తిరుపాలమ్మ గడప ముక్కను బిందెడు నీళ్లు పోసి కడిగింది. నూనెలో పసుపు కలిపి దిట్టంగా పూసింది. కుంకుమ బొట్లు పెట్టింది. ఆ ఇంట్లో గడప శుభ్రం చేయడమంటే అదే. ఇంకో శుభ్రం ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. గుడ్డలో చుట్టుకుని తనే అంగడికి తెచ్చి, మిద్దె మీద మెట్టుకు ఆనుకుని కూర్చుంది.

ప్రసాద్ పైపైన ఒక గుడ్డతో తుడిచాడు. వెంకటేశు పట్టుకుంటే రంపంతో మూడు తుండ్లు కోశాడు. కోస్తుంటే తిరుపాలమ్మ పక్కకు తిరిగింది.

మొదటి తుండు అచ్చులో పెట్టి పోశాడు. కాసేపటికి రెసిన్ బుసబుస పొంగింది. గట్టిపడ్డాక చూస్తే నిండా బుడగలు. పులివెందులలో అన్సర్ అని ఒకడున్నాడు, ప్రసాద్‌కు ఈ విద్య నేర్పింది వాడే. వీడియో కాల్ చేసి చూపించారు.

"ఏందప్పా, ఇడ్లీలు పోసినావా?" అన్నాడు అన్సర్. "చట్నీ యాడ?"

"ఎగతాళి చాలుగానీ, ఎందుకైందో చెప్పు."

"కట్టెలో తేమ ఉండాది. రెసిన్ గట్టిపడతా కాగేకొద్దీ ఆ తేమే బుడగలై పొంగినాది. కడిగినారేమో అడుగు."

"కడక్కుండా ఎట్లిస్తాంప్పా?" అంది తిరుపాలమ్మ మెట్టు మీద నుంచే.

మిగిలిన రెండు తుండ్లను ప్రసాద్ చిన్న ఓవెన్‌లో పెట్టి ఎండబెట్టాడు. రెండోది పోశాడు. ఈసారి బుడగ లేదు, నురగ లేదు. తేటగా, నీలంగా గట్టిపడింది. కెమెరా స్టాండుకు పెట్టి, మిషన్ ఆన్ చేసి, ఉలి ఆనించాడు. అంతే! రెసిన్ పెచ్చు పెచ్చుగా లేచిపోయింది. లోపలి కట్టె ఎగిరి గోడకు కొట్టుకుని పొడిపొడి అయింది. తిరుపాలమ్మ లేచి ఆ పొడిని చేత్తో ఎత్తబోయింది. నేల మీది దుమ్ములో ఏది కట్టెపొడో తెలియలేదు.

మళ్లీ అన్సర్‌కు ఫోన్.

"పెచ్చు లోపలి పక్క గోకి వాసన చూడు."

ప్రసాద్ చూశాడు. "పసుపు."

"నూనెలో కలిపిన పసుపు. నూనె ఉండే చోట రెసిన్ అంటుకోదప్పా. మీ ఇంట్లో పూయరా గడపకు?"

"మా ఇంటామె పూస్తాదేమో. నేనెప్పుడు చూసినా?"

"ఎట్ల చూస్తావు, రోజూ దాటేది గడపే గదా!" అన్సర్ పగలబడి నవ్వాడు. తర్వాత చెప్పాడు: "ఈ కట్టె ఏండ్ల తరబడి నూనె తాగుండాది. థిన్నర్‌తో తుడువు. గుడ్డకు పసుపు అంటనంత దాకా తుడువు. ల్యాకుంటే మూడోది గూడా ఫట్టే."

ప్రసాద్ ఫోన్ పెట్టేసి తిరుపాలమ్మ మీద విరుచుకుపడ్డాడు. "సుబ్బరం చేసి ఇయ్యమంటి గదమ్మా!"

"చేసినా గదప్పా! కడిగినా. పసుపు పూసినా. ఇంకేం సుబ్బరం?"

"ఆ పసుపే మురికి అంటాండా నేను!"

 తిరుపాలమ్మ మిగిలిన తుండును ఒళ్లో పెట్టుకుంది. గడపలో మిగిలింది ఆ ఒక్కటే. అరచేతి పాటిది.

"ఇంటికి పోదాం పారా," అంది కొడుకుతో.

"పోయి?" వెంకటేశు గొంతు లేచింది. "చెదలు తింటాది."

"తిననీ. పసుపుతోనే తింటాది."

"తిన్నాంక యాడుంటాదిమా నీ గడప? ఊరు పాయ. ఇల్లు పాయ. ఇది గూడా పోతే చేతిలో ఏముంటాది మనకు?"

"పసుపు తీసేస్తే అది గడప ఎట్లైతాదిరా? పొయ్యిలో పెట్టే కట్టైతాది."

ప్రసాద్ గడియారం చూసుకున్నాడు. "తొందరగా తేల్చుకోండి. కింద గిరాకీ ఉండాది."

వెంకటేశు తల్లి ఒళ్లోంచి తుండు తీసుకున్నాడు. ఆమె పట్టుకోలేదు, ఇవ్వనూ లేదు. థిన్నర్ డబ్బా వంచి గుడ్డ తడిపి వాడే తుడిచాడు. గుడ్డ పచ్చగా వచ్చింది. ఇంకో గుడ్డ. అదీ పచ్చనే. వాళ్ల అవ్వ పూసినది, అమ్మ పూసినది, వాడు పుట్టినప్పుడు పూసినది, అంతా ఘాటు వాసనతో చిరుగుగుడ్డల్లోకి దిగిపోయింది. ఆఖరికి కట్టె బూడిద రంగుకొచ్చింది. ఏ అడితిలోనైనా దొరికే వేప తుండులా ఉంది.

మూడోది అచ్చం అనుకున్నట్టే భరిణెగా వచ్చింది. బుడగ లేదు, పెచ్చు లేదు. నీలంలో కట్టె తేలుతున్నట్టుంది. వీడియోకు లైకుల మీద లైకులు. గండికోట చూడబోయే టూరిస్టులు ఇట్లాంటివి యాడ దొరుకుతాయని అడుగుతున్నారని ప్రసాద్ వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. మునిగినవాడి గడప కూడా చూసేవాడికి సరుకే.

శుక్రవారం తిరుపాలమ్మ భరిణె కోసం వచ్చింది. కొంగుముడిలోంచి పసుపు తీసి, భరిణె మీద వేలితో పూసింది. జారిపోయింది. చిటికెడు ఎక్కువ తీసుకుని ఒత్తి రుద్దింది. పొడి రాలి గల్లాపెట్టె మీద పడింది. భరిణె నున్నగా, నీలంగా మెరుస్తూనే ఉంది.

"చూస్తివా!" అన్నాడు ప్రసాద్ సంబరంగా. "ఏ మరకా పట్టదు. గుడ్డతో ఒక తుడుపు తుడిస్తే మళ్లా కొత్తదే."

"మరకా?" అంది తిరుపాలమ్మ.

భరిణెను వెలుతురుకు పట్టి తిప్పి చూసింది. లోపల కట్టె కనిపిస్తోంది. గోటితో గీకింది. గోరు జారింది.

"ఆస్పత్రిలో మనిషిని అద్దం అవతల పండబెట్టి చూపిస్తారే, అట్ల చూపిస్తాండావుప్పా," అంది. "ఇది పగలగొడితే నా కట్టె బయటికొస్తాదా?"

"రాదమ్మా. బొక్కబొక్కకూ రెసిన్ ఎక్కింది. ఇంక ఎవరి తరమూ కాదు," అన్నాడు ప్రసాద్ గర్వంగా.

ఆమె తల ఊపింది. కింద రాలిన పసుపును కొంగుతో ఒక్క నలుసు మిగలకుండా ఎత్తుకుని ముడి వేసుకుంది. భరిణెను కొడుకు చేతిలో పెట్టింది.

"నువ్వే పెట్టుకోరా. తుడిచినోనివి నువ్వే గదా."