ఎడమ గట్టు

దబ్... దబ్... దబ్.

ప్రయోగశాల కంటబడకముందే ఆ చప్పుడు చెవిన పడేది. మెట్లెక్కి వచ్చే రంజనికి ప్రతి ఉదయమూ అదే పలకరింపు. చింతాద్రిపేట చేపల మార్కెట్టు నుంచి సైకిలు మీద వచ్చిన మంచుగడ్డను గోనెసంచిలో చుట్టి, వరండాలో కూర్చుని, చెక్కసుత్తితో పగలగొడుతూ ఉండేది చెంగమ్మ.

"వస్తివా మలేసియా పాపా? ఐసు రెడీ. వాసన సంగతి మాత్రం అడగొద్దు."

"సారు తెప్పించేది ఎంజైముకో, వంజరం చేప వేపుడుకో!" అని లోపలినుంచి సుందరం నవ్వేవాడు. అతడు ఆ గదిలో పీహెచ్‌డీ చేస్తున్నవాడు.

ముత్తాత తోటకూలీగా ఓడెక్కి చేరిన దేశం నుంచి, ఏడాది పరిశోధన కోసం, ఏడు నెలల కిందట రంజని ఈ ఊరికి వచ్చింది. పేరు చెన్నైగా మారి ఏడాదైనా అందరి నోటా ఇంకా మద్రాసుగానే ఉన్న ఊరు. ఇక్కడి తెలుగు ఆమెకు సగం అర్థమయ్యేది; మిగిలిన సగం చెంగమ్మ అర్థం చేయించేది. తొండియార్‌పేట నుంచి రెండు బస్సులు మారి వచ్చే చెంగమ్మ పదకొండేళ్లుగా ఆ గదిలో దినకూలి మీద గాజు సామాను కడుగుతోంది. ఈ నెలాఖరుకు ఉద్యోగం ఖాయం చేస్తామని ఆఫీసు మాట ఇచ్చింది.

చెంగమ్మకు చదువు రాదు. అందుకే ఆ గదిలో ఒక కట్టుబాటు ఉండేది. సీసాలు కడిగే తొట్టికి ఎడమ గట్టు మీద ఉన్నదంతా కడగవలసినది. కుడి గట్టు మీద ఉన్నది ముట్టకూడనిది. సీసాలో పెంచిన బూజుకూ, సీసాకు పట్టిన బూజుకూ తేడా కంటికి తెలియదు. గట్టే చెప్పాలి. ప్రొఫెసరు కోదండరాం మొదటిరోజున రంజనికి నేర్పిన పాఠం అదే.

మంగళవారం మధ్యాహ్నం ఆమె ఆ పాఠం మరచింది. మంచు బకెట్టు దించడానికి కుడి గట్టు మీద చోటు లేదు. అక్కడున్న ఆరు ఫ్లాస్కులను ఎత్తి ఎడమ గట్టు మీదికి జరిపింది. ఒక్క నిమిషమే కదా అనుకుంది. అంతలో ఆఫీసు నుంచి కేక వినిపించింది: "మలేసియా ఫోను!" నెలకొక్కసారి వినిపించే అమ్మ గొంతు. పరుగెత్తింది.

తిరిగివచ్చేసరికి ఆరు ఫ్లాస్కులూ తళతళలాడుతూ బోర్లించి ఉన్నాయి. సుందరం నలభై రోజులు పెంచుకున్న బూజు తూములో కలిసిపోయింది.

"నలభై రోజులు!" సుందరం ఒక ఖాళీ ఫ్లాస్కును ఎత్తి వెలుతురుకు పట్టాడు. "కుడి ఏదో ఎడమ ఏదో కూడా తెలీదా నీకు?"

చెంగమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుంది. "ఎడం పక్కనే ఉన్నట్టుండె సారూ... ఏమో, కండ్లు మసకేసినాయో ఏమో. నేనే కడిగేస్తిని."

రంజని నోరు తెరిచింది. కిందటి నెలలో ఇంక్యుబేటరు తలుపు వేయడం మరిచినప్పుడు, "ఇంకొక్క పొరపాటు జరిగితే మీ యూనివర్సిటీకి రాయక తప్పదమ్మా" అని కోదండరాం చెప్పి ఉన్నారు. తెరిచిన నోరు మెల్లగా మూసుకుంది.

రెండు రోజులు గడిచాయి. మంచు పగిలే చప్పుడు ఆగి ఆగి వినిపించేది. ఒక దెబ్బకూ ఇంకొక దెబ్బకూ నడుమ ఉండే మౌనంలో రంజని మెట్ల మీదే నిలబడిపోయేది.

గురువారం మధ్యాహ్నం చెంగమ్మ తన డబ్బా మూతలో పెరుగన్నం పెట్టి, పక్కన మజ్జిగ మిరపకాయ ఉంచి, రంజని ముందుకు జరిపింది.

"సీసాలు కడిగింది నేను. అన్నం మానింది నువ్వా? తిను కణ్ణు, తిను తల్లీ."

రంజని ఆ మూతను అలాగే వెనక్కి జరిపింది.

శుక్రవారం కోదండరాం చెంగమ్మనూ రంజనినీ తన గదికి పిలిచారు. "ఆఫీసువాళ్లు సంజాయిషీ అడుగుతున్నారు. చెంగమ్మ చెబుతుంది, నువ్వు ఇంగ్లీషులో రాయమ్మా. ఇది పైకి వెళితే పర్మనెంటు మాట మరిచిపోవలసిందే. నా చేతుల్లో ఏమీ లేదు." అని పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. చెంగమ్మ ముఖం చూడలేకనేమో.

"నా అజాగ్రత్త అని రాయి పాపా," అంది చెంగమ్మ. "మర్యాదగా రాయి. పెద్దోళ్లు చదివేది."

రంజని రాసింది. మర్యాదగానే రాసింది. ఒక్కొక్క అక్షరమూ కుదురుగా, అందంగా, అబద్ధంగా.

చెంగమ్మ ఇంకుప్యాడు మీద బొటనవేలు ఒత్తి కాగితం మీద ఆనించింది. నల్లటి మరక పడింది. అందులో ఒక్క గీత కూడా లేదు.

"గీతలు యాడుండాయి పాపా! పదకొండేండ్లు సీసాలు కడిగిన సోడా తినేసె. ఇంకోసారి అద్దమంటావా?"

రంజని ఆ మరకనే చూస్తూ ఉండిపోయింది. గీతలు లేని ఆ ముద్ర ఎవరిదైనా కావచ్చు. తనదే కావచ్చు. వేలు చెంగమ్మది, తప్పు తనది. ఈ రెంటినీ కలిపి కుట్టింది తన అందమైన దస్తూరి.

ఆమె కాగితాన్ని నిలువునా చించింది. ఆ చప్పుడుకు పేపరు కిందికి దిగింది.

"ఏమైందమ్మా?"

"పేరు తప్పు పడింది సార్."

"తప్పేంది? చెంగమ్మే కదా పాపా నా పేరు!" చెంగమ్మ కంగారుగా నవ్వింది.

"నువ్వు కడిగిన ఫ్లాస్కులు ఎడమ గట్టు మీదివే అక్కా. నీ కళ్లు బాగానే ఉన్నాయి. వాటిని అక్కడ పెట్టినవాళ్లు వేరే."

కోదండరాం కళ్లజోడు తీశారు. "ఎవరు?"

దబ్, దబ్, దబ్. ఈసారి ఆ చప్పుడు వరండాలోది కాదు. ఏడు నెలలుగా మలేసియా పాప అనే పిలుపు వెనక దాక్కున్న పిల్ల, ఆ గుండె చప్పుడు మీదుగా, గది గోడలు వినేంత గట్టిగా చెప్పింది:

"రంజని."